సారు చాలా స్ట్రిక్టండీ!



ఏప్రిల్ మూడోవారం దాటిందంటే మన ఊళ్ళలో గ్రౌండు గోడల నిండా ఫ్లెక్సీలే. క్రికెట్, షటిల్, స్కేటింగ్, స్విమ్మింగ్, కరాటే... వేసవి శిక్షణ శిబిరం, ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు, అడ్మిషన్లు జరుగుచున్నవి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ వాళ్ళు నామమాత్రపు రుసుముతో ఏటా పెట్టే సమ్మర్ క్యాంపులు ఒకపక్క, నెలకు వేలు తీసుకునే ప్రైవేటు అకాడమీలు ఇంకోపక్క. పరీక్షలైపోయిన పిల్లలు రోజంతా ఫోను పట్టుకుని కూర్చుంటారన్న భయంతో అమ్మానాన్నలు ఏదో ఒకదాంట్లో చేర్పించేస్తారు. మంచిదే. ఈ పిల్లల్లో దేశానికి ఆడబోయేవాళ్ళు ఏ ఒకరో ఇద్దరో. మిగతా వాళ్ళంతా ఆడుకోవడానికి వెళ్ళేవాళ్ళు. ఇవాళ నేను మాట్లాడేది ఆ మిగతా వాళ్ళ గురించి. వాళ్ళకు దొరికే కోచ్ గురించి, ఆ కోచ్ బాగాలేనప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేయాలన్నదాని గురించి.

నేను బడిలో పీఈటీగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పిల్లలు పీఈటీ సారనేవాళ్ళు, వాళ్ళ తాతలు డ్రిల్లు మాస్టారనేవాళ్ళు. ఇప్పుడు పొద్దున్నే నడకకని గ్రౌండుకు వెళ్తే, నెట్స్ పక్కన నిలబడ్డ తండ్రుల మాటలు చెవిన పడుతుంటాయి. "ఎలా ఉందండీ కోచింగ్?" అని ఒకాయన అడుగుతాడు. రెండో ఆయన చెప్పబోయే జవాబు నాకు ముందే తెలుసు. "సారు చాలా స్ట్రిక్టండీ!" ఆ మాటలో ఎంత తృప్తి! కట్టిన ఫీజుకు రసీదు చేతికొచ్చినంత తృప్తి.

నాకు పేచీ ఆ తృప్తితోనే. కోచ్ మంచివాడా కాదా అని తేల్చుకోవడానికి మనవాళ్ళు రెండే రెండు చూస్తారు. టీము గెలుస్తోందా, సారు గట్టిగా ఉంటున్నాడా. ఈ రెండింటినీ పట్టుకుని, వదిలించుకోవాల్సినవాణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. నిదానంగా నేర్పేవాడితో తగాదాకు దిగుతారు.

దీని మీద అమెరికాలో యాభై ఏళ్ళ కిందటే ఇద్దరు శ్రద్ధగా పనిచేశారు. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. 1970లలో వాళ్ళ మనుషులు పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌లకు వెళ్ళి ఒక పక్కన కూర్చుని, కోచ్ చేసే ప్రతి పనినీ రాసుకున్నారు. పిల్లవాడు బంతి బాగా కొడితే ఏమన్నాడు? పట్టాల్సింది వదిలేస్తే ఏమన్నాడు? ఊరికే కేకలేశాడా, ఎలా పట్టాలో చూపించాడా? సీజన్ అయ్యాక పిల్లల్ని అడిగారు, నీకు ఈ కోచ్ ఇష్టమేనా అని. టీము గెలుపోటములకూ, పిల్లలు కోచ్‌ను ఇష్టపడటానికీ పెద్దగా సంబంధం లేదని తేలింది. ప్రయత్నం చేసినందుకు మెచ్చుకున్నవాడు, తప్పు చేసినప్పుడు ఎలా దిద్దుకోవాలో చెప్పినవాడు వాళ్ళకు నచ్చాడు. ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. గెలిచే టీముల్లో ఉన్న పిల్లలు, మా అమ్మానాన్నలకు ఈ కోచ్ అంటే ఇష్టం అని ఎక్కువగా చెప్పారు. గెలుపు ఎవరికి కావాలో పిల్లలకు తెలుసన్నమాట!

వాళ్ళు అక్కడితో ఆగలేదు. కొందరు కోచ్‌లకు సీజన్ మొదలవకముందు కొద్ది గంటలపాటు, పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్పారు. ఇంకొందరిని వాళ్ళ మానాన వాళ్ళను వదిలేశారు. 1992లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వదిలేసిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడాది నూటికి 26 మంది మళ్ళీ రాలేదు. నేర్చుకున్న కోచ్‌ల దగ్గర రానివాళ్ళు నూటికి ఐదుగురే. గెలుపోటముల్లో మాత్రం రెండు వర్గాలకూ తేడా లేదు. ఆడుకోవడానికి వెళ్ళిన పిల్లవాడి కోచ్‌ను కొలవడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు. వచ్చే ఏడు కూడా వస్తానంటున్నాడా లేదా?

ఇక మన గ్రౌండుకు వద్దాం. ఫ్లెక్సీ మీద బొమ్మ ఒకరిది, పొద్దున ఆరింటికి విజిల్ పట్టుకుని వచ్చేది ఇంకొకరు. రంజీ ఆడినాయనో జాతీయ స్థాయి క్రీడాకారుడో పేరు ఇస్తాడు, ప్రారంభోత్సవం రోజు వస్తాడు, ఫొటోలు దిగుతాడు. తర్వాత అంతా డిగ్రీ చదివే ఓ కుర్రాడి నెత్తిన పడుతుంది. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. బాగా ఆడతాడు, ఓపిక ఉన్నవాడే కావచ్చు. ఆడటం వేరు, ఆడించడం వేరు. రెండోది అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పే చోట్లు లేకపోలేదు. పాటియాలాలో 1961 నుంచీ జాతీయ క్రీడా సంస్థ ఉంది. గ్రౌండు భాషలో ఎన్‌ఐఎస్ అంటే అదే. అక్కడ డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. క్రికెట్‌కు బీసీసీఐ లెవెల్ పరీక్షలున్నాయి. "పిల్లలతో రోజూ గ్రౌండులో ఉండేది ఎవరండీ? ఆయన ఏం కోర్సు చేశారు?" అని ఫీజు కట్టేముందే అడగండి. దీనికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ట్యూషన్ మాస్టారు ఎంఎస్సీయా బీఈడీయా అని ఆరా తీస్తాం, ఇక్కడ మాత్రం బొమ్మ చూసి డబ్బులు కట్టేస్తాం.

చేర్పించాక ఓ పొద్దున పూర్తిగా గంటసేపు కూర్చోండి. ఫోను జేబులో పెట్టుకుని మీ పిల్లవాణ్ణే చూడండి. ముప్పైమంది పిల్లలు, ఒక నెట్, ఒక సారు అనుకుందాం. అరవై నిమిషాలను ముప్పైమందికి పంచితే ఒక్కొక్కరికి వచ్చే బ్యాటింగ్ రెండు నిమిషాలు. తక్కిన యాభై ఎనిమిది నిమిషాలు వాడు ఏం చేస్తున్నాడు? బంతులు ఏరుతున్నాడా, వరసలో నిలబడి పక్కవాడి టోపీ లాగుతున్నాడా? లేకపోతే ముగ్గురు ముగ్గురుగా విడిపోయి ఒకళ్ళకొకళ్ళు విసురుకుంటూ, పట్టుకుంటూ, పరిగెడుతున్నారా? అదే గ్రౌండు, అదే ముప్పైమంది. తెలిసిన కోచ్ చేతిలో అందరూ చెమటోడుస్తారు. తెలియని కోచ్ చేతిలో ఒక్కడే ఆడతాడు, ఇరవై తొమ్మిదిమంది చూస్తారు. సారు గొంతు పెద్దదా చిన్నదా అన్నది ఆ తర్వాతి సంగతి.

గొంతు సంగతీ చెప్పుకోవాలి. లేటుగా వస్తే ఐదు రౌండ్లు. క్యాచ్ వదిలితే ఐదు రౌండ్లు. నవ్వితే ఇంకో ఐదు. బయట నిలబడ్డ తండ్రి ముఖం వెలిగిపోతుంది, మావాడికి స్టామినా పెరుగుతుందని. పరుగు అన్ని ఆటలకూ పునాది కదా, దాన్నే శిక్షగా మార్చేస్తే పిల్లవాడు జీవితాంతం దేన్ని అసహ్యించుకుంటాడు? "దెబ్బకు దెయ్యం వదులుతుంది" అన్న సామెతను మన తరం బళ్ళలో చూసింది. దెయ్యం సంగతేమో కానీ లెక్కల మీద ఇష్టం వదిలిపోయినవాళ్ళు నా క్లాసులోనే చాలామంది.

స్ట్రిక్టుగా ఉండటమే తప్పని నేను అనను. క్రికెటర్ మిథాలీ రాజ్ సంగతే తీసుకోండి. చిన్నతనంలో సికింద్రాబాద్‌లో వాళ్ళన్నయ్యతో కలిసి సెయింట్ జాన్స్ అకాడమీకి వెళ్ళేది. అక్కడి కోచ్ జ్యోతిప్రసాద్ గారు ఆ పిల్లలో ఏదో ఉందని కనిపెట్టి, ఆడపిల్లల జట్టుకు శిక్షణ ఇస్తున్న సంపత్ కుమార్ గారి దగ్గరకు పంపమని తల్లిదండ్రులకు చెప్పారు. సంపత్ కుమార్ గారికి చాలా కఠినమైన గురువని పేరు. ఆ కాఠిన్యం దేశానికి ఆడబోయే పిల్ల కోసం. అమ్మాయీ, ఇంట్లోవాళ్ళూ ఒప్పుకుని ఎత్తుకున్న బరువు అది. ఈ కథలో నాకు మాత్రం మొదటాయనే ఎక్కువ నచ్చుతాడు. తన దగ్గరున్న మంచి పిల్లను ఇంకొకాయన దగ్గరకు పంపడం చిన్న విషయం కాదు. మన అకాడమీల్లో చూడండి, ఒక పిల్లవాడు కాస్త ఆడుతున్నాడంటే పక్క గ్రౌండు వైపు తల కూడా తిప్పనివ్వరు.

సరదాకు వచ్చిన తొమ్మిదేళ్ళవాడి మీద అదే కాఠిన్యం చూపిస్తే వాడు ఛాంపియన్ కాడు, ఆట మానేస్తాడు. నార్వేలో క్రీడా సమాఖ్య ఒక నియమం పెట్టుకుంది. పదకొండేళ్ళ దాకా పిల్లలకు ర్యాంకుల పట్టికలు ఉండకూడదు, పదమూడు దాకా జాతీయ ఛాంపియన్‌షిప్పులు ఉండకూడదు. యాభై లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఆ దేశమే 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలతో మొదటి స్థానంలో నిలిచింది.

ఒంటి విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లు మెత్తగా ఉంటాయి. మోకాలి చిప్ప కింద నొప్పి, మడమ వెనక నొప్పి అని పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు అంటే అది బద్ధకం కాదు. ఆ వయసులో గెంతడం, పరిగెత్తడం ఎక్కువైనప్పుడు మామూలుగా వచ్చేదే, విశ్రాంతితో తగ్గేదే. పేస్ వేసే కుర్రాళ్ళకు నడుం ఎముకలో సన్నని చీలిక రావచ్చు. అందుకే ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు చాలా ఏళ్ళుగా అమలుచేసిన నియమం ఏమిటంటే, పదమూడేళ్ళలోపు పేస్ బౌలర్ ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజు మొత్తంలో 10 ఓవర్లు దాటకూడదు. మన దగ్గర ఆదివారం మ్యాచ్‌లో ఒక కుర్రాడు వేగంగా వేస్తున్నాడంటే, వాడి చేత చెయ్యి పడిపోయేదాకా వేయిస్తారు. అమెరికా శిశువైద్యుల సంస్థ 2016లో ఇంకో మాట చెప్పింది. పదిహేను పదహారేళ్ళు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టేయకండి, వారానికి ఒకటి రెండు రోజులు ఆ ఆటకు సెలవివ్వండి అని. నొప్పి అన్న పిల్లవాణ్ణి ఆపడానికి కోచ్ అనుమతి అక్కర్లేదు. "సార్, డాక్టరు గారు చూసేదాకా మావాడు ఆడడండీ" అని చెప్పేస్తే చాలు. మే నెల ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఎనిమిది దాటాక గ్రౌండులో ఉంచేవాడు, మధ్యలో నీళ్ళు తాగనివ్వనివాడు కోచింగ్ తెలియనివాడే. నీళ్ళు తాగితే ఒళ్ళు బరువెక్కుతుందన్న పాత మూఢనమ్మకం ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తోంది.

కొట్టడం, బూతులు, ఒంటి మీద చెయ్యి వేయడం... వీటికి చర్చ లేదు, గడువు లేదు. ఇది బడి కాదు కదా, చట్టం ఏముందిలే అనుకోవద్దు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్, పిల్లలు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళకు వర్తిస్తుంది. కొడితే, హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు. లైంగికంగా వేధిస్తే 2012 పోక్సో చట్టం ఉంది. 1098కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఆ రోజునుంచే పిల్లవాణ్ణి పంపడం ఆపేయండి. పరువు పోతుందని, సర్టిఫికెట్ రాదని నాన్చవద్దు.

అదృష్టవశాత్తూ చాలామంది కోచ్‌లు అంత దూరం పోరు. అశ్రద్ధగా ఉంటారు, ఫోన్ చూసుకుంటారు, ఇద్దరు ముగ్గురు ఇష్టుల్నే ఆడిస్తారు. అసలు చిక్కు అక్కడే. ఇలాంటప్పుడు మనవాళ్ళు చేసే పనులు రెండే. ఒకటి, మ్యాచ్ అవగానే బౌండరీ దగ్గరే నలుగురిలో నిలదీయడం. "మావాణ్ణి పదకొండో నంబరుకు పంపుతారా? ఫీజు కట్టడం లేదా?" రెండోది, నోరెత్తకుండా ఇంటికి పోయి వాట్సాప్ గ్రూపులో రాయడం. మొదటిదాంతో పిల్లవాడు తల దించుకుంటాడు. రెండోదాంతో కోచ్ తప్ప ఊరందరికీ తెలుస్తుంది.

అమెరికా క్లబ్బుల్లో ఒక పద్ధతి ఉంది. మ్యాచ్ ముగిశాక 24 గంటలు కోచ్‌తో తల్లిదండ్రులు ఆట ఊసెత్తకూడదు. కోపం చల్లారాక రావాలి. మనమూ పాటించవచ్చు. వెళ్ళేముందు పిల్లవాణ్ణే అడగండి, "నేను సారుతో మాట్లాడనా, వద్దా?" అని. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలైతే వాళ్ళనే మాట్లాడనివ్వండి, మీరు పక్కన ఉంటే చాలు. చిన్నవాళ్ళయితే మీరే వెళ్ళండి. ఎలా మాట్లాడాలంటారా? నాతో ఓ తల్లి మాట్లాడిన తీరు చెబుతాను. "నమస్కారం మాస్టారూ, మా పాప ఇంట్లో ఆట గురించే చెబుతుంటుంది. ఈమధ్య మాత్రం రానని ఏడుస్తోంది. మీకేమైనా తెలిసిందా అండీ? మేం ఇంటి దగ్గర ఏం చేయించమంటారు?" ఇందులో నిందలేదు. నేను మర్నాటి నుంచి ఆ పాపను గమనించకుండా ఉండగలనా? అదే ఆవిడ "మీరు మా పాపను పట్టించుకోవడం లేదు" అని మొదలుపెట్టి ఉంటే, నాకు ముందు గుర్తొచ్చేది నా ఇరవై ఏళ్ళ అనుభవం.

సెలక్షన్ గురించి, పక్కింటి పిల్లవాడి గురించి మాత్రం మాట్లాడకండి. మా అబ్బాయికి ఆట నేర్పండి అని అడిగే హక్కు మీకుంది. వాళ్ళబ్బాయిని తీసేసి మావాణ్ణి వేయండి అనే హక్కు లేదు. నా దగ్గరకొచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి పైన రాసింది కోచింగ్ బాగాలేదని, లోపల ఉన్నది టీములో పెట్టలేదని.

ఇంకొకటి, తండ్రులు నొచ్చుకున్నా సరే. నెట్ వెనక నిలబడి "మోచెయ్యి ఎత్తరా! కాలు ముందుకెయ్యి!" అని అరిచే నాన్నలున్నంతకాలం ఏ కోచ్ మంచివాడో తేల్చడం కష్టం. పిల్లవాడు బంతిని చూడాలా, సారును చూడాలా, నాన్నను చూడాలా?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళకు ఇంకో రకం ఇబ్బంది. అక్కడ పార్కుల్లో జరిగే చిన్నపిల్లల సాకర్ లీగుల్లో కోచ్ చాలాసార్లు ఇంకో పిల్లవాడి నాన్నే. జీతం లేదు, సాయంత్రం ఆఫీసు నుంచి పరుగెత్తుకొస్తాడు. అలాంటాయనను "సారు" అని కొలవడమూ కుదరదు, నిలదీయడమూ కుదరదు. అయితే అడగడానికి రూలు ఉంటుంది. 1964లో కాలిఫోర్నియాలో మొదలైన ఏవైఎస్‌ఓ అనే సంస్థ, వచ్చిన ప్రతి పిల్లవాడూ కనీసం సగం ఆట ఆడాలని నియమం పెట్టుకుంది. అది పాటించకపోతే మర్యాదగా గుర్తుచేయవచ్చు. లేదూ, "నేను శనివారాలు వచ్చి సాయం చేయనా?" అనవచ్చు. అలా వెళ్ళి కోచ్‌లైన మన తెలుగు నాన్నలు అక్కడ చాలామందే ఉన్నారు.

పెద్ద ఊళ్ళలో చెప్పి చూసినా మారకపోతే అకాడమీ మార్చుకోవచ్చు. నెల ఫీజు పోతుంది, పోనివ్వండి. చిన్న ఊళ్ళలో మారడానికి చోటేది? ఒకే గ్రౌండు, ఒకే సారు. అక్కడ నలుగురు తల్లిదండ్రులు కలవాలి. రోజుకొకరు వంతులేసుకుని గ్రౌండులో కూర్చుంటే సారు ఫోను దానంతటదే జేబులోకి వెళుతుంది. నాలుగు ఎక్స్‌ట్రా బంతులు కొనిస్తే వరస సగమవుతుంది. ఊళ్ళో ఒకప్పుడు జిల్లాకు ఆడి ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుకునేవాడు ఒకడైనా ఉంటాడు. వారానికి రెండు పొద్దులు రమ్మంటే సంతోషంగా వస్తాడు.

మున్సిపాలిటీయో జిల్లా క్రీడా ప్రాధికార సంస్థో నడిపే శిబిరమైతే అర్జీ పెట్టండి. ఆంధ్రలో అయితే జిల్లా క్రీడాభివృద్ధి అధికారి (డీఎస్‌డీఓ) గారికి, తెలంగాణలో అయితే జిల్లా యువజన, క్రీడల అధికారి (డీవైఎస్‌ఓ) గారికి. సారు మంచివాడు కాదని రాయకండి, ఆ కాగితం ఫైల్లోకి వెళ్ళి ఆయన శత్రువై తిరిగొస్తుంది. ముప్పైమందికి ఒక్కరే ఉన్నారు, ఇంకొకరిని ఇవ్వండి, నీడా నీళ్ళూ ఏర్పాటు చేయండి అని రాసి, పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. అదీ మార్చిలోనే ఇవ్వండి. శిబిరం మొదలయ్యాక ఇచ్చిన అర్జీకి జవాబు వచ్చేసరికి బడులు తెరుస్తారు.